బయానా ఇవ్వకముందే చూసుకోవాల్సినవి: హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేవాళ్ళకు మొదటి నుంచి చివరి దాకా

మేం ఫ్లాట్ కొనడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు నేను చేసిన ఒక్క తెలివితక్కువ పనికే పోయాయి. మియాపూర్ అవతల కొత్తగా కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు, తూర్పు ఫేసింగ్, పక్క బిల్డింగుల కంటే ఎస్‌ఎఫ్‌టీకి మూడొందలు తక్కువ. "రేపు పొద్దున ఇంకో పార్టీ వస్తోంది సార్" అన్నాడు బిల్డర్ మనిషి. బాల్కనీ ముందున్న వేపచెట్టు చూసి మా ఆవిడ ముచ్చటపడింది, నేను అక్కడికక్కడే ఫోన్‌లో లక్ష పంపేశాను, దానికి రసీదు ఓ తెల్లకాగితం. వారం తర్వాత తీరిగ్గా ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ కాగితం) తీస్తే ఆ ఫ్లాట్ మున్సిపాలిటీ పేరున తనఖాలో ఉంది. ఆ తనఖా ఏమిటో కింద చెప్తాను. లక్ష వెనక్కి ఇమ్మంటే ఇవాళ రేపు అంటూ నాలుగు నెలలు తిప్పి, చివరికి డెబ్భై వేలు చేతిలో పెట్టారు.

అప్పట్నుంచి అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తున్నాను. బయానా ఇచ్చేదాకా మన మాట నడుస్తుంది, ఇచ్చిన మరుక్షణం నుంచి వాళ్ళ మాట నడుస్తుంది. అందుకే కింద రాసిన పనుల్లో సగానికి పైగా రూపాయి ఇవ్వకముందు చేయాల్సినవే.

1. ముందు డబ్బు లెక్క

ఫ్లాట్ నచ్చాక లెక్క వేస్తే ఆ లెక్క ఎప్పుడూ మనం అనుకున్నట్టే వస్తుంది, ఎందుకంటే వచ్చేలా మనమే సర్దుకుంటాం. కాబట్టి తిరగడం మొదలుపెట్టకముందే వేయండి.

80 లక్షల ఫ్లాట్ అనుకుందాం. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం లోన్ 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, 75 దాటితే 75 శాతం దాకానే ఇవ్వాలి. అంటే మనకు వచ్చేది మహా అయితే 64 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువలో కలపరు, అది పూర్తిగా మన చేతి నుంచే. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం, మ్యుటేషన్‌కు, అంటే పన్ను రికార్డుల్లో పేరు మార్పుకు, ఇంకో 0.1. 80 లక్షల మీద 6 లక్షల 8 వేలు అవుతుంది. ఏపీలో విడివిడి అంకెలు వేరే అయినా మొత్తం అదే ఏడున్నర. దీనికి బ్రోకర్ కమీషన్, లాయర్ ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, ఆ తర్వాత ఫ్యాన్లు, గీజర్లు, కిటికీలకు మెష్‌లు, వార్డ్‌రోబ్‌లు. 60 లక్షల లోన్ తీసుకున్నా సొంత డబ్బు కనీసం 30 లక్షలు దగ్గర లేకుండా 80 లక్షల ఫ్లాట్ చూడటానికి వెళ్ళకండి.

ఆ 60 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు ఈఎంఐ దాదాపు 52 వేలు. మొత్తం కట్టేది కోటీ పాతిక లక్షలకు దగ్గర, అంటే తీసుకున్నదాని కంటే వడ్డీయే ఎక్కువ. ఈ అంకె ఇంట్లో అందరికీ చూపించండి. మా నాన్న చూసి రెండు రోజులు మాట్లాడలేదు.

2. కొత్తదా, కడుతున్నదా, పాతదా

కడుతున్న ఫ్లాట్‌కు 5 శాతం జీఎస్టీ ఉంటుంది, మన 80 లక్షల మీద 4 లక్షలు. (45 లక్షల లోపు ధర, హైదరాబాద్ లాంటి మెట్రోలో కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు అయితే 1 శాతం.) ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని మున్సిపల్ సంస్థ ఇచ్చేది, ఓసీ అంటారు) వచ్చాక అమ్మే ఫ్లాట్‌కు, రీసేల్ ఫ్లాట్‌కు జీఎస్టీ లేదు. కడుతున్నదానికైతే ఒకపక్క అద్దె, ఇంకోపక్క బ్యాంకు విడుదల చేసినంత మేర వడ్డీ, రెండూ కట్టాలి. ఎస్‌ఎఫ్‌టీ రేటులో కనిపించే తేడా ఈ రెండూ కలిపితే చాలాసార్లు ఆవిరైపోతుంది.

ఇక ప్రీ లాంచ్ ఆఫర్ అని, సగం రేటుకే ఇస్తాం కానీ డబ్బు మొత్తం ఒకేసారి కట్టాలి అని, ముందు మీ పేరున యూడీఎస్ (స్థలంలో మీ ఫ్లాట్‌కు వచ్చే వాటా) రిజిస్టర్ చేస్తాం అని ఎవరైనా అంటే కాఫీ తాగి వచ్చేయండి. 2016 రెరా చట్టం (కొనేవాళ్ళ రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) ప్రకారం 500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును రెరాలో నమోదు చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నమోదైతే కొన్నవాళ్ళు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వాడేలా వేరే ఖాతాలో ఉంచాలి. ప్రీ లాంచ్‌లో ఇచ్చిన డబ్బుకు ఆ కాపలా లేదు. అది బిల్డర్ ఇంకో చోట భూమి కొనుక్కోవడానికి మీరిచ్చే చేబదులు, అంతే.

నా ఓటు రీసేల్‌కు, ముఖ్యంగా ఐదు నుంచి పదేళ్ళ పాతదానికి. గోడలు చెమ్మ పట్టేవైతే ఈపాటికి పట్టేసి ఉంటాయి, పక్కవాళ్ళెవరో తెలుస్తుంది, నీళ్ళు వస్తున్నాయో లేదో తెలుస్తుంది.

3. ఫ్లాట్ చూడటం: మూడుసార్లు, మూడు వేళల్లో

మొదటిసారి బ్రోకర్‌తో పగలు వెళ్తారు, సరే. రెండోసారి ఒక్కరే, సాయంత్రం ఏడింటికి, ఆఫీసు నుంచి వచ్చే దారిలోనే రండి. ట్రాఫిక్ సంగతి, వీధి దీపాల సంగతి, కింద పార్కింగ్‌లో ఎవరి బండి ఎవరి జాగాలో ఉంటోందన్న సంగతి అప్పుడే తెలుస్తాయి. మూడోసారి వాన పడ్డ మర్నాడు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్, టోలిచౌకి ప్రాంతాల్లో కాలనీలు ఎలా మునిగాయో చూసినవాళ్ళకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ వీధిలో కిరాణా కొట్టతను ఉంటే సోడా తాగుతూ అడగండి, "నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయన్నా" అని. గోడ మీద చెయ్యి పెట్టి మరీ చూపిస్తాడు.

నీళ్ళ గురించి ఓనర్‌ని అడగొద్దు, వాచ్‌మన్‌ని అడగండి. మేం చివరికి కొన్న అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ దగ్గర ఓ నోటు పుస్తకం ఉంది, ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ తేదీ వేసి గీత పెడతాడు. ఏప్రిల్ పేజీ తిప్పితే రోజుకు రెండు గీతలు, ఆగస్టులో నెల మొత్తానికి మూడు. ఓనర్ మాత్రం "ట్యాంకర్ అవసరమే రాదండీ" అని చెప్పి ఉన్నాడు. కొనడం మానలేదు కానీ ఆ పుస్తకం ఫొటో బేరంలో బాగా పనికొచ్చింది. మంజీరా లేదా కృష్ణా నీళ్ళ కనెక్షన్ జలమండలి నుంచి ఉందా, బోర్ ఎన్ని అడుగులు, ఎండాకాలం మెయింటెనెన్స్ పెంచుతారా, ఇవన్నీ అక్కడే తేలతాయి.

లోపల చూడాల్సినవి:

- బాత్రూమ్ సీలింగ్. పైఫ్లాట్ వాళ్ళ నీళ్ళు కారుతుంటే అక్కడ పసుపు మరకలు ఉంటాయి. ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త పెయింట్ వాసన వస్తుంటే ఆ గోడ మీదే అరచెయ్యి పెట్టి చూడండి.
- టైల్స్ మీద తాళంచెవితో కొట్టండి. డొల్ల మోత వస్తే కింద సిమెంటు పట్టలేదన్నమాట.
- అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి ఫ్లష్ నొక్కండి.
- మీ కారు తీసుకెళ్ళి ఆ పార్కింగ్‌లో పెట్టి, డోర్ తీసుకుని దిగి చూడండి. పిల్లర్ అడ్డొచ్చి కిటికీలోంచి దిగాల్సిన పార్కింగులు నేనే రెండు చూశాను.

టేపు దగ్గర పెట్టుకోండి. 1,500 ఎస్‌ఎఫ్‌టీ అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కూడా కలిపిన అంకె. మీరు నడిచే నేల, అంటే కార్పెట్ ఏరియా, వెయ్యికీ పదకొండు వందలకూ మధ్య ఉండొచ్చు. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియా మీద పోల్చండి. వాస్తు పట్టింపు ఉంటే వాస్తు ఆయన్ని ఇప్పుడే తీసుకెళ్ళండి, బయానా ఇచ్చాక తీసుకెళ్తే ఆయన చెప్పే మాటకు మందు ఉండదు.

4. కాగితాలు

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపెట్టేవాడు ఎవడైనా, మీ సొంత బావమరిదైనా సరే, వాడి మాట వినొద్దు. అన్నిటి జిరాక్సులు అడగండి. "బయానా ఇస్తే జిరాక్సులు ఇస్తాం" అంటే ఆ ఫ్లాట్ మనది కాదు.

మొదట ఈసీ. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న లావాదేవీలు కనిపిస్తాయి. రెండు ఈసీలు తీయాలి, ఒకటి ఫ్లాట్ మీద, ఒకటి బిల్డింగ్ ఉన్న స్థలం సర్వే నంబరు లేదా ప్లాట్ నంబరు మీద. ఫ్లాట్ ఈసీ తెల్లగా ఉండి కింద నేల ఈసీలో బ్యాంకు తనఖా ఉన్న కేసులుంటాయి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మన దగ్గర 2012 బిల్డింగ్ రూల్స్, అందరూ జీవో 168 అంటారు, వాటి ప్రకారం చిన్న ఇళ్ళను వదిలేస్తే బిల్డర్ తను కట్టేదాంట్లో 10 శాతం మున్సిపల్ సంస్థకు రిజిస్టర్డ్ తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారమే కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్ని విడిపిస్తారు. ప్లాన్ దాటి కట్టినవాడికి ఓసీ రాదు, తనఖా విడవదు. అలాంటి ఫ్లాట్లే మామూలుగా మొదటి రెండు అంతస్తుల్లో "కాస్త తక్కువకు" దొరుకుతుంటాయి. కాబట్టి మంజూరైన ప్లాన్ చేతిలో పట్టుకుని బిల్డింగ్ ఎదురుగా నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు ఉండి కళ్ళెదుట ఆరు కనిపిస్తే, ఆ పైనున్న పెంట్‌హౌస్ మీద ఎంత గాలి వచ్చినా కొనొద్దు.

తర్వాత లింక్ డాక్యుమెంట్లు. కనీసం ముప్పై ఏళ్ళ వెనక్కి, ఎవరు ఎవరికి అమ్మారో గొలుసు తెగకుండా రావాలి. మధ్యలో ఎవరైనా చనిపోయి ఉంటే వారసులందరూ సంతకం పెట్టారా చూడండి, ఆడపిల్లలతో సహా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కు వచ్చింది, 2005లో కేంద్రం చట్టం మార్చింది. "మా చెల్లెళ్ళకు పెళ్ళిలో ఇచ్చేశాం" అన్న మాట కోర్టులో నిలవదు, హక్కు వదులుకుంటున్నామని రాసిన రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఉండాలి. జీపీఏ (ఓనర్ తరఫున అమ్మే అధికారం ఇచ్చిన కాగితం) మీద అమ్ముతుంటే ఆ జీపీఏ రిజిస్టర్ అయిందా, ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా, రద్దు చేశాడా అని తేల్చుకోండి.

డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన స్థలమైతే స్థలం ఓనర్ వాటా ఫ్లాట్లు వేరు, బిల్డర్ వాటా ఫ్లాట్లు వేరు. ఏది ఎవరిదో పంచుకున్న ఒప్పందం చూడండి. పక్కవాడి ఫ్లాట్ అమ్మేవాళ్ళు కూడా ఉంటారు.

నేల గురించి రెండు పరీక్షలు. ఒకటి, రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా, అందరూ 22ఏ అంటారు. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి, మీ సర్వే నంబరు కొట్టి చూడండి. రెండోది చెరువు. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ జోన్, అందులో కట్టకూడదు. చెరువు ఇప్పుడు కనిపించకపోతే లేదని కాదు, ఊరి పేరు చివర కుంట అని ఉంటేనే ఆగి ఆలోచించాలి. పాత శాటిలైట్ ఫొటోలు కంప్యూటర్‌లో వెనక్కి జరుపుతూ చూడొచ్చు, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులు ఉన్నాయి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చిన తర్వాత ఈ చూసుకోవడానికి విలువ పెరిగింది కానీ, నిజానికి ఎప్పుడూ చూసుకోవాల్సిందే. పర్మిషన్ కాగితం ఉందన్న ధైర్యం ఒక్కటే చాలదు.

డాక్యుమెంట్‌లో మీ వాటాకు వచ్చే గజాలు, అంటే యూడీఎస్, తప్పకుండా చూడండి. పాత ఐదంతస్తుల దాంట్లో 50 గజాలు వచ్చే సైజు ఫ్లాట్‌కు హైరైజ్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. పాతికేళ్ళ తర్వాత బిల్డింగ్ కూలగొట్టి మళ్ళీ కట్టే రోజు వస్తే మన చేతిలో ఉండేవి ఆ గజాలే.

ఇవన్నీ మీరు చూశాక కూడా లాయర్‌కు చూపించండి. అమ్మేవాళ్ళు పరిచయం చేసిన లాయర్ కాకూడదు. ఈసీలో రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు కనపడవు, అందుకే ఓనర్ పేరు మీద కోర్టు కేసులు చూపే ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతికించి, పేపర్లో పబ్లిక్ నోటీసు వేయించమనండి. నాకు ఈ మొత్తానికి అయిన ఖర్చు, బిల్డర్ మింగిన ముప్పై వేల కంటే తక్కువ.

5. బేరం, అగ్రిమెంట్

ఆషాఢంలో, మూఢంలో బేరం ఆడండి. కొనేవాళ్ళు తగ్గిపోయి అమ్మేవాళ్ళు మెత్తబడతారు, రిజిస్ట్రేషన్ మంచిరోజు వచ్చాక పెట్టుకోవచ్చు. మీరు చూసిన లోపాలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి, నోటితో చెప్తే వాళ్ళ దగ్గర ప్రతిదానికీ జవాబు ఉంటుంది.

"వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అన్న ప్రశ్న వస్తుంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు, తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మనకు నష్టమేమిటంటే బ్లాక్‌లో ఇచ్చినదానికి రుజువు లేదు, ఒప్పందం చెడితే అది గోవిందా, రేపు మనం అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మనం కట్టాలి.

బయానాతో పాటే అగ్రిమెంట్ రాసుకోండి. మొత్తం ధర, ఇచ్చింది, ఇవ్వాల్సింది, ఆఖరి తేదీ, టైటిల్‌లో లోపం తేలినా బ్యాంకు లీగల్ వాళ్ళు వద్దన్నా బయానా పూర్తిగా వాపసు అన్న వాక్యం, ఇంట్లో వదిలేసి వెళ్ళే సామాన్ల జాబితా. ఆ వాపసు వాక్యం రాయనన్నవాడికి డబ్బు ఇవ్వొద్దు. బిల్డర్ దగ్గర కొనే రెరా ప్రాజెక్టులో అయితే అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి తీసుకునే హక్కు వాళ్ళకు లేదు.

ధర 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవాళ్ళకు ఇచ్చేదాంట్లో 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ తరఫున కట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని మీరే ఆన్‌లైన్‌లో కట్టాలి. మన ఉదాహరణలో 80 వేలు. ఇది మర్చిపోయి నోటీసు వచ్చాక తలపట్టుకున్నవాళ్ళు మా ఆఫీసులోనే ముగ్గురు. అమ్మే ఆయన అమెరికాలోనో దుబాయ్‌లోనో స్థిరపడి ఉంటే ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి, సీఏను అడగకుండా అడుగు వేయొద్దు.

6. లోన్

రెండు మూడు బ్యాంకులు తిరగండి. ఫ్లోటింగ్ రేటు లోన్‌ను ముందే తీర్చేస్తే జరిమానా లేదు కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టేయొచ్చు. లోన్‌తో పాటు అంటగట్టే బీమా తప్పనిసరి కాదు, కావాలంటే బయట టర్మ్ పాలసీ తీసుకోండి. అమ్మే ఆయనకు పాత లోన్ ఉంటే భయపడక్కర్లేదు, ఆయన బ్యాంకు నుంచి బాకీ ఎంతో, తమ దగ్గరున్న ఒరిజినల్స్ ఏవో రాసిన లెటర్లు తెప్పిస్తే మన బ్యాంకు డీడీ నేరుగా ఆ బ్యాంకుకే వెళ్తుంది. బ్యాంకు లీగల్ వాళ్ళు ఓకే అన్నారు కదా అని మన లాయర్‌ను మానేయడం మాత్రం పొరపాటు, వాళ్ళు చూసేది వాళ్ళ డబ్బు భద్రత.

7. రిజిస్ట్రేషన్ రోజు

డ్రాఫ్ట్ రెండు రోజుల ముందే తెప్పించుకుని ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు పాత డాక్యుమెంట్‌తో సరిచూడండి. పేర్ల స్పెల్లింగు, ఫ్లాట్ నంబరు, గజాలు, నాలుగు హద్దులు, సర్వే నంబరు, పార్కింగ్ నంబరు. మాకు ఉత్తరం హద్దు, దక్షిణం హద్దు తారుమారుగా టైపు చేశారు. రిజిస్టర్ అయ్యాక అది బయటపడితే సవరణ దస్తావేజు కోసం అమ్మినాయన్ని మళ్ళీ ఆఫీసుకు తీసుకురావాలి, అప్పటికి ఆయనకు మనం ఎవరమో గుర్తుండదు.

స్లాట్ బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులు, అందరి ఆధార్‌లు, పాన్‌లతో వెళ్ళండి. డీడీలు చేతికిచ్చేది సంతకాలు, వేలిముద్రలు అయ్యాకే. ఎన్నారైలు రాలేకపోతే ఈ ఒక్క పనికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి.

8. తాళాలు చేతికొచ్చాక

తాళం కప్పలు మార్చేయండి. ఇంటి పన్ను, కరెంటు మీటర్, నీళ్ళ బిల్లు మీ పేరుకు మారాయో లేదో నెల తర్వాత చూసుకోండి. అసోసియేషన్ నుంచి పాత బకాయిలు లేవన్న లెటర్ రిజిస్ట్రేషన్‌కు ముందే తీసుకోవాల్సింది, తీసుకోకపోతే ఇప్పుడైనా. బిల్డర్ దగ్గర రెరా ప్రాజెక్టులో కొన్నవాళ్ళకు స్వాధీనమిచ్చిన రోజు నుంచి ఐదేళ్ళ దాకా కట్టడం లోపాలను ఉచితంగా బాగుచేయించుకునే హక్కు ఉంది, కాబట్టి పగులు కనపడితే ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాయండి.

ఇక వుడ్‌వర్క్ మొదలుపెట్టకముందు ఓ పని. బాత్రూమ్‌ల జాలీలకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల ఎత్తు నీళ్ళు నింపి, ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు కింద ఫ్లాట్ వాళ్ళ బెల్లు కొట్టి వాళ్ళ బాత్రూమ్ సీలింగ్ చూడనిమ్మని అడగండి. మేం అడిగితే ఆవిడ ముందు వింతగా చూసి, ఆనక "పాత వాళ్ళు ఉన్నప్పుడు రెండుసార్లు కారింది, చెప్పినా పట్టించుకోలేదు" అని సీలింగ్ మూల చూపించారు. ప్లంబర్‌కు ఆరు వేలు ఇచ్చి ఆ జాలీ చుట్టూ మళ్ళీ వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే టైల్స్ వాడిని పిలిచాం, పాలు పొంగించిన రోజు మొదటి గ్లాసు ఆవిడకే పంపించాం.